బెల్ బాటమ్ కొలత, పాటల చీటీ

(తెనాలిలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాసిపెట్టినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకు వినపడుతోందా? ఒకసారి చెయ్యెత్తండి. సరే, వినపడుతోంది.

"ఆ రోజుల పాటలు, ఆ రోజుల ఫ్యాషన్ల గురించి కాసేపు మాట్లాడండి" అని పిలిచారు. వెంటనే ఒప్పుకున్నాను. ఎందుకంటే నా చిన్నతనం, నా కుర్రతనం ఆ రెండింటి మధ్య ఉన్న గోడకు ఆనుకునే గడిచాయి. నిజంగా గోడే. బోస్ రోడ్డులోంచి లోపలికి పోయే ఒక సందులో మా నాన్న కుట్టు మిషను కొట్టు. దాని పక్క గదిలో 1982లో ఒకాయన క్యాసెట్ రికార్డింగ్ సెంటర్ పెట్టారు. డిగ్రీ చదువుతూ సాయంత్రాలు అక్కడ పనికి కుదిరాను. ఉద్యోగం వచ్చి ఊరు వదిలేదాకా, తొమ్మిదేళ్లు అక్కడే. గోడకి ఇవతల మిషను చప్పుడు, అవతల పాట. ఇవతల గుడ్డ కొలవడం, అవతల రీలు కొలవడం.

ఈ మధ్య మా తమ్ముడి కూతురు ఫోన్ చేసింది. వాళ్ల కాలేజీలో రెట్రో డే అట. "పెదనాన్నా, నీ పాత బెల్ బాటమ్ ఏదైనా దాచావా?" అంది. ఒకటి ఉంది. 1978 సంక్రాంతికి మా నాన్న నాకు కుట్టిన కాఫీరంగు టెరికాట్ ప్యాంటు. పెట్టె అడుగున ఉంది, తీసి పంపించాను. వేసుకుని, పైన చుక్కల చొక్కా తొడుక్కుని ఫొటో పంపింది. చాలా బాగుంది పిల్ల. నాకు కళ్లు చెమర్చాయి. తర్వాత ఒక ప్రశ్న అడిగింది. "పెదనాన్నా, ఇది అప్పట్లో ఏ షాపులో కొన్నావు?" అని.

కొనలేదమ్మా, చెప్పి కుట్టించుకున్నాం అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఆ 'చెప్పి' అన్న మాట నన్ను వదల్లేదు. చెప్పి కుట్టించుకున్నాం. చెప్పి రికార్డు చేయించుకున్నాం. చెప్పి జుట్టు కత్తిరించుకున్నాం. రేడియోకి ఉత్తరం రాసి, చెప్పి పాట వేయించుకున్నాం. అప్పట్లో మనకు ఏ ముచ్చట ఉన్నా దాన్ని ఇంకో మనిషికి నోరు తెరిచి చెప్పాలి. అవునా, కాదా? చెప్పకపోతే అది మన ఒంటి మీదకు రాదు, మన చెవిలో పడదు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్కటే.

ముందు ప్యాంటు సంగతి.

బెల్ బాటమ్‌కి మోకాలు దగ్గర బిగుతుగా ఉండాలి, అక్కడినుంచి కిందికి గంటలాగా విచ్చుకోవాలి. అందుకే ఆ పేరు. మా నాన్న మోకాలు కొలత రాసుకుని, తలెత్తి, "బాటమ్ ఎంత పెట్టమంటావు?" అని అడిగేవాడు. అసలు ప్రశ్న అదే. ఆ కుర్రాడి బతుకంతా ఆ సమాధానంలో ఉండేది. ఇరవై అంటే బుద్ధిమంతుడు. ఇరవై నాలుగు అంటే కాలేజీలో చేరాడు. ఇరవై ఎనిమిది అంటే ఇంట్లో గొడవ పడి వచ్చాడు. ఇవన్నీ అంగుళాలు, చిన్నపిల్లలకు చెబుతున్నాను.

తండ్రితో వచ్చిన కుర్రాడు ఏం చెప్పగలడు? తండ్రే చెప్పేవాడు. "ఇరవై చాలు, చదువుకునే పిల్లాడికి ఎందుకు అంతంత." కుర్రాడు నేల చూసేవాడు. మర్నాడు కాలేజీకి వెళ్తూ వెళ్తూ ఒక్కడే వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "ఇరవై నాలుగు పెట్టండి, మా నాన్నకు తెలియదు లెండి" అనేవాడు. మా నాన్న ఏం చేసేవాడో తెలుసా? ఇరవై రెండు పెట్టి, లోపల కుట్టు పక్కన గుడ్డ వదిలేవాడు. "ఇప్పటికి ఇది వేసుకో. పరీక్షలు బాగా రాశావంటే తీసుకురా, కుట్టు విప్పి రెండంగుళాలు వదులుతా" అనేవాడు. ఆ మడతలో దాచిన గుడ్డను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఎంత ముచ్చటేస్తుందో. అటు తండ్రి మాటా నిలిచింది, ఇటు కొడుకు కోరికా దాగి ఉంది. ఆ మధ్యలో మా నాన్న ఉన్నాడు.

ఇక్కడ ముందు వరసలో ఇద్దరు ముగ్గురు మాస్టార్లు నవ్వుతున్నారు. మీకూ విప్పాడా మాస్టారూ? విప్పాడట.

బెల్ బాటమ్ నేలకు రాసుకునేది కదా. మడమ దగ్గర అంచు నెలరోజుల్లో పోగులు ఊడిపోయేది. దానికి ఒక ఉపాయం ఉంది. పాత జిప్పు ముక్క కత్తిరించి అడుగు అంచు లోపలవైపు కుట్టేవాళ్లు. నేలకు రాసుకునేది జిప్పు పళ్లే, గుడ్డ కాదు. నడుస్తుంటే సిమెంటు మీద సన్నగా కిర్రుమని శబ్దం వచ్చేది. వరండాలో ఎవరు వస్తున్నారో ఆ చప్పుడుని బట్టే చెప్పేవాళ్లం.

ఫ్యాషన్ మారేది కూడా ఏడాదికి ఒక్కసారే. సంక్రాంతికి. మామూలు ఇళ్లల్లో పండక్కి ఒక జత, అంతే. అన్నదమ్ములు ముగ్గురుంటే ఒకే తానులోంచి ముగ్గురికీ చొక్కాలు. పండగ ముందు పది రోజులు మా కొట్టులో పెట్రోమాక్స్ వెలిగించి రాత్రంతా కుట్టేవాళ్లు. కాజాలు కుట్టే కుర్రాళ్లిద్దరు, గుండీలకు మా అమ్మ, చదువుకునే వయసులో నేనూ. ఏడాదికి ఒక్క అవకాశం ఉన్నవాడు కొలత చెప్పేముందు ఎంత ఆలోచించి ఉంటాడో చూడండి. ఆర్నెల్లు ఆలోచించేవాడు.

మన ఊరిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. మూడు కాల్వలు ఊరి మధ్యలోంచి పోతాయని కొందరు, నాటకాలు, సినిమాలు, సోకులు ఎక్కువని కొందరు. ఎందుకన్నారో గానీ, మా నాన్న ఆ పేరుని చాలా గట్టిగా నమ్మాడు. "బెజవాడలో సోమవారం కనపడిన కాలర్ మన దగ్గర బుధవారానికి కుట్టాలిరా" అనేవాడు. పొడుగాటి కోసు కాలర్‌ని డాగ్ కాలర్ అనేవాళ్లం, గుర్తుందా? 1971లో మన బుర్రిపాలెం కృష్ణగారు కౌబాయ్ వేషం కట్టారు. పక్క ఊరి మనిషి గుర్రమెక్కితే మనం ఊరుకుంటామా? చొక్కా మీద వేసుకునే చేతుల్లేని కోటు కావాలని కుర్రాళ్లు వరస కట్టారట. తోలు ఎక్కడ దొరుకుతుంది? మా నాన్న సైకిల్ సీట్లు కుట్టేవాళ్ల దగ్గర రెగ్జిన్ కొనుక్కొచ్చి కుట్టాడు. ఎండాకాలంలో రెగ్జిన్ కోటు. ఒళ్లంతా చెమట పొక్కులు. అయినా విప్పలేదట.

అది కూడా చెప్పాలి. ఆ బట్టలు సుఖమైన బట్టలు కావు. టెరిలిన్, టెరికాట్, పాలియెస్టర్ అని మనం అంత మోజు పడ్డాం. గుంటూరు జిల్లా ఎండల్లో పాలియెస్టర్ చొక్కా! కానీ ఎందుకు మోజు పడ్డాం? నూలు చొక్కా అంటే ఉతకాలి, గంజి పెట్టాలి, బొగ్గుల ఇస్త్రీ చెయ్యాలి. మధ్యాహ్నానికల్లా నలిగిపోతుంది. నలిగిన చొక్కా చూస్తే ఇంట్లో ఇస్త్రీ పెట్టె ఉందో లేదో తెలిసిపోతుంది. టెరికాట్ రాత్రి ఉతికి దండెం మీద వేస్తే పొద్దున్నకల్లా మడత నలగకుండా ఉండేది. ఉన్న ఒక్క జతనే రోజూ ఉతుక్కుని వేసుకునే పిల్లాడు కూడా క్లాసులో మిగతావాళ్లలాగే కనపడేవాడు. ఆ గుడ్డ మీద మనకున్న ప్రేమ అక్కడిది. అంటే వట్టి సోకు కాదు. నలగని చొక్కా తొడుక్కుని తలెత్తి నడవడం.

ఆడపిల్లల మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఇందాకటినుంచీ అన్నీ కుర్రాళ్ల కథలే చెప్పాను. ఎందుకు? ఆడపిల్లలు కొట్టు దాకా వచ్చి చెప్పే రోజులు కావు. మా నాన్న జాకెట్లు కూడా కుట్టేవాడు. ఆది జాకెట్ తమ్ముడి చేతికిచ్చి పంపేవాళ్లు. ఆ తమ్ముడికి ఏం తెలుసు? "అక్క చెప్పింది, దీనిలాగే" అని వెళ్లిపోయేవాడు. కానీ దీనిలాగే ఉండకూడదని కదా ఆ అక్క కోరిక. డెబ్బైల్లో వాణిశ్రీగారి కొప్పు, ఆవిడ చీరకట్టు, ఆవిడ జాకెట్టు ఎంతమందిని ఊపేశాయో ఇక్కడున్న అక్కయ్యలకు నేను చెప్పక్కర్లేదు.

ఒకసారి ఆది జాకెట్ మడతలో ఒక కాగితం వచ్చింది. లెక్కల నోటుపుస్తకంలోంచి చింపింది. దానిమీద పెన్సిల్‌తో బుట్ట చెయ్యి గీసి ఉంది. కుచ్చులు ఎక్కడ మొదలవ్వాలి, పట్టీ ఎంత వెడల్పు ఉండాలి, మోచేతికి ఎంత పైన ఆగాలి, అన్నీ బాణం గుర్తులు వేసి రాసింది. కింద ఒక వాక్యం. "రెండోసారి వెళ్లి చూసి వేశాను, సరిగ్గా ఇదే." అర్థమైందా? సినిమాలో ఆ జాకెట్టు ఒక్క పాటలో కనిపిస్తుంది. ఆపి చూసుకోవడానికి లేదు. ఫొటో తీసుకోవడానికి లేదు. ఆ పిల్ల టికెట్ కొనుక్కుని మళ్లీ వెళ్లి, ఆ నాలుగు నిమిషాలూ చెయ్యి మీదే చూపు పెట్టి, ఇంటికొచ్చి గీసింది. మా నాన్న ఆ కాగితాన్ని మిషను మీద గోడకు అంటించాడు. "ఈ అమ్మాయి నాకంటే మంచి టైలర్" అన్నాడు. ఆ అమ్మాయి ఎవరో మాకు తెలుసు. ఆ మాట ఆమెకు చేరిందో లేదో తెలియదు. నాకైతే ఆ కాగితం ఏ సినిమా పోస్టరుకూ తక్కువ కాదు.

సరే, గోడ అవతలికి పోదాం. పాటలు.

క్యాసెట్ రాకముందు పాట మన చేతిలో లేదు. ఆకాశంలో ఉండేది. ఇది పెద్దవాళ్లకు తెలుసు, చిన్నవాళ్ల కోసం చెబుతున్నాను. 1952లో సమాచార మంత్రిగా వచ్చిన కేస్కర్‌గారు ఆకాశవాణిలో సినిమా పాటలను బాగా తగ్గించేశారు. జనం రేడియో సిలోన్ వైపు తిరిగారు. సముద్రం దాటి సింహళం నుంచి తెలుగు పాట వచ్చేది! మీనాక్షి పొన్నుదురైగారి గొంతు ఎంతమందికి గుర్తుంది? చూడండి, ఎన్ని చేతులు లేచాయో. తర్వాత 1957 అక్టోబర్ 3న మన వాళ్లే వివిధ భారతి మొదలుపెట్టారు. పోస్టుకార్డు మీద పాట పేరు రాసి, కింద ఇంట్లో అందరి పేర్లూ రాసి పంపేవాళ్లం. ఆ పాట మళ్లీ వినాలని మాత్రమేనా? కాదు. మన పేరు, మన ఊరి పేరు ఆ గొంతు పలకాలని. నాకు ఈ పాట ఇష్టం అని ముక్కూమొహం తెలియని లక్షమందికి చెప్పడం అది.

క్యాసెట్ వచ్చాక పాట చేతికి దిగింది. ఫిలిప్స్ వాళ్లు దాన్ని 1963లోనే తెచ్చారు. మన ఊళ్లకు దిగడానికి పది పదిహేనేళ్లు పట్టింది. ముఖ్యంగా గల్ఫ్ వెళ్లినవాళ్లు తెచ్చిన, రేడియో, క్యాసెట్ ప్లేయర్ ఒకే పెట్టెలో ఉన్న టూ ఇన్ వన్‌లతో. ఇంట్లో టూ ఇన్ వన్ ఉంటే దాని మీద ఎంబ్రాయిడరీ చేసిన గుడ్డ కప్పేవాళ్లు, దేవుడి పటానికి కప్పినట్టు.

మా సెంటర్‌లో ఒక రికార్డు ప్లేయర్, రెండు క్యాసెట్ డెక్కులు, గోడ పొడుగునా ఎల్పీలు, అంటే పెద్ద గ్రామఫోను రికార్డులు. ఎల్పీలు బెజవాడ నుంచి తెచ్చేవాళ్లం. మీరు ఖాళీ క్యాసెట్ కొనుక్కుని, మీకు కావలసిన పాటలు చీటీ మీద రాసి ఇస్తారు. మర్నాడు సాయంత్రానికి రికార్డు చేసి ఇస్తాం. రేపల్లె ప్యాసింజర్‌లో వేమూరు, భట్టిప్రోలు వైపు నుంచి కాలేజీకి వచ్చే పిల్లలు పొద్దున దిగుతూనే చీటీ పడేసి పోయేవాళ్లు. సాయంత్రం బండి అందుకునే లోపల తీసుకోవాలి, టెన్షన్ మాది.

ఒక్క విషయం దాచకుండా చెబుతాను. ఆ పని చట్టం ఒప్పుకునేది కాదు. 1984లో కాపీరైట్ చట్టం సవరించి శిక్షలు కఠినం చేశారు కూడా. పాడినవాళ్లకు, రాసినవాళ్లకు, వాయించినవాళ్లకు దక్కాల్సింది మేం ఎగ్గొట్టాం. అది బాకీయే. ఆ రోజులు ఎంత మధురమని చెప్పుకున్నా ఆ బాకీ చెరిగిపోదు.

ఇక కొలత. మా నాన్న గుడ్డ కొలిచినట్టే నేను రీలు కొలిచేవాణ్ణి. క్యాసెట్లో రీలు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. నాలుగు నిమిషాల పాట అంటే 11 మీటర్ల పైన రీలు. ప్యాంటుకు మీటరుంపావు గుడ్డ, పాటకు పదకొండు మీటర్ల రీలు! అరవై నిమిషాల క్యాసెట్ అంటే ఒక్కో వైపు ముప్పై నిమిషాలు. నాలుగున్నర నిమిషాల పాటలు ఆరు పడతాయి. ఇంకా మూడు నిమిషాలు మిగులుతుంది. ఆ మూడు నిమిషాల్లో ఏం పెట్టాలి? ఏడో పాట పెడితే చరణం మధ్యలో తెగిపోతుంది. ఖాళీగా వదిలేస్తే డబ్బులిచ్చినవాడికి అన్యాయం. నా దగ్గర ఒక పుస్తకం ఉండేది, చేతి గడియారం పెట్టుకుని ప్రతి పాట నిడివీ రాసుకున్న పుస్తకం. మూడు నిమిషాల లోపు పాటలు వేరే పేజీలో. చీటీ ఇచ్చిన మనిషి మిగతా పాటలు చూసి, ఇతనికి ఇది నచ్చుతుంది అనిపించిన చిన్న పాట ఒకటి చివర వేసేవాణ్ణి. చీటీలో లేనిది. నేను ఇచ్చేది. మా నాన్న వదిలిన రెండంగుళాల గుడ్డ లాంటిది.

వారం తర్వాత ఆ మనిషి వచ్చి, "చివర పాట ఎవరిదండీ? అలాంటివి ఇంకేమున్నాయి?" అని అడిగితే నాకు ఆ రోజు అన్నం కూడా అక్కర్లేదు.

ఆ చీటీలు చదువుతుంటే ఊరు తెలిసేది. 1980లో పదిహేనేళ్ల నాజియా హసన్ పాడిన హిందీ పాటతో డిస్కో గాలి ఎలా వీచిందో మీకు తెలుసు. నేను కూర్చునేనాటికి ఇంకా వీస్తూనే ఉంది. నిన్నటిదాకా ఘంటసాలగారి పద్యాలు రాసిన చేతులే కింద 'డిస్కోవి రెండు' అని రాశాయి. చక్రవర్తిగారి హుషారు బాణీలు ఒక వైపు, ఇళయరాజాగారివి ఒక వైపు. ఇళయరాజా పాటలు అడిగేవాళ్లు ఒక షరతు పెట్టేవాళ్లు, "స్టీరియోలో ఉన్నదే వెయ్యండి" అని. 1986లో కృష్ణగారు బప్పీ లహరిని తెలుగుకు తీసుకొచ్చినప్పుడు మూడు రోజులు అవే చీటీలు. 1987లో చిరంజీవిగారు బ్రేక్ డాన్స్ చేశారు. మైకేల్ జాక్సన్ పేరు స్పెల్లింగ్ రానివాళ్లు కూడా చీటీ మీద రాశారు. 'మైకల్ జాక్షన్' అని రాస్తే మనది తెనాలి జంక్షన్ కదా, రైల్వే వాళ్లలాగా రాశాడని దానికి మేమంతా మురిసిపోయాం. వాళ్లకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ చప్పుడు కావాలి. ఎందుకు అక్కర్లేదు? పద్దెనిమిదేళ్లకు కాళ్లు ఊరుకోవు.

ఆడపిల్లల చీటీలు మాత్రం ఇక్కడా తమ్ముళ్ల చేతుల్లోనే వచ్చేవి. పైన రెండు భక్తిపాటలు, తర్వాత అసలు పాటలు. మధ్యలో ఎవరైనా చీటీ తీసి చదివినా పై రెండు వరసలే కనపడాలని. నేను రికార్డు చేసేటప్పుడు కూడా అదే వరస పాటించేవాణ్ణి. ఇంట్లో మొదట మోగేది భక్తిపాటే కావాలి కదా.

ఇప్పుడు ఒక తప్పు చెప్పాలి. ముప్పై ఎనిమిదేళ్లుగా నాలోనే ఉంది.

మన పేటలోనే ఒకావిడ. భర్త కువైట్‌లో. అప్పట్లో ఫోన్లు ఎక్కడివి? గల్ఫ్ వాళ్లు ఉత్తరాల బదులు క్యాసెట్లో మాట్లాడి, ఎవరైనా వస్తుంటే ఇచ్చి పంపేవాళ్లు. ఆయన ఒక వైపు మాట్లాడి పంపాడు. రెండో వైపు ఖాళీ. ఆవిడ ఆ క్యాసెట్ తెచ్చి, "బాబూ, ఖాళీ వైపు బాలుగారి పాటలు వేసివ్వు, మా ఆయనకు తిరిగి పంపిస్తాను" అంది. భక్తిపాటల సీజను, పని ఎక్కువగా ఉంది. నేను క్యాసెట్ పెట్టి మీట నొక్కాను. తప్పు వైపు పెట్టాను. క్యాసెట్ వెనక అంచులో రెండు చిన్న రెక్కలుంటాయి, వాటిని విరిచేస్తే ఇక దానిమీద రికార్డు కాదు. ఆయనా విరవలేదు, నేనూ చూడలేదు. రెండు పాటలు అయ్యాక తెలిసింది. తొమ్మిది నిమిషాల ఆయన గొంతు పోయింది. పాప పేరు పెట్టి పిలిచి ముద్దులు పెట్టిన ముక్క అందులోనే ఉందట.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. క్యాసెట్ తీసుకుని, "మిగతా ఇరవై నిమిషాలు ఉంది కదా బాబూ" అని కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. ఆ రోజునుంచి ఎవరు క్యాసెట్ తెచ్చినా మొదట అడిగేవాణ్ణి, "ఇందులో ఎవరిదైనా గొంతు ఉందా?" అని. ఉందంటే ముందు ఆ రెక్క విరిచి అప్పుడే మిషన్లో పెట్టేవాణ్ణి. ఈ కథ ఎందుకు చెప్పానంటే, పాత క్యాసెట్లు ఇంట్లో ఉన్నవాళ్లు, దయచేసి, చెత్తలో వేసేముందు ఒకసారి వినండి. పాటల మధ్యలో ఎవరి గొంతు ఉందో మీకు తెలియదు. మా అమ్మ గొంతు నాకు అలాగే దొరికింది. పాట అయిపోయాక రీలు తిరుగుతూనే ఉంది, వెనకనుంచి "అన్నం చల్లారిపోతోంది రా" అంటోంది. అంతే, మూడు మాటలు. నా దగ్గర ఉన్నవి అవే.

కాసిని మంచినీళ్లు ఇవ్వు బాబూ.

తర్వాత సంగతి మీకందరికీ తెలుసు, తొందరగా చెప్పేస్తాను. తొంభైల్లో రెహమాన్ వచ్చారు, ఆయన పాటలు మా పాత డెక్కుల్లో సరిగ్గా పలికేవి కావు. కంపెనీ క్యాసెట్లు చవకయ్యాయి. టీవీలో పాటల ఛానళ్లు వచ్చాయి. రికార్డింగ్ సెంటర్ మూసేసి ఎస్టీడీ బూత్ పెట్టారు. ఇటు రెడీమేడ్లు వచ్చాయి. బెల్ బాటమ్ పోయి ప్యారలల్, ప్యారలల్ పోయి బ్యాగీ. మా నాన్న వెడల్పు బెల్లులన్నీ కోసి సన్నం చేసి ఇచ్చాడు, కోసిన ముక్కలతో పిల్లలకు పుస్తకాల సంచులు కుట్టాడు.

ఒక్కటి మాత్రం ఆగి చెప్పాలి. 1995లో అరవింద్ మిల్స్ వాళ్లు రఫ్ అండ్ టఫ్ అని జీన్స్ తెచ్చారు. కుట్టిన ప్యాంటు కాదు. ప్యాకెట్టులో గుడ్డ, జిప్పు, రాగి గుండీలు, వెనక తగిలించే లేబులు, అన్నీ పెట్టి 195 రూపాయలు. కుట్టించుకోవడం మీ ఊరి టైలర్ దగ్గర. అప్పటికి నేను ఉద్యోగంలో ఉన్నాను, సెలవకి వచ్చాను. మా నాన్న కళ్లద్దాలు పెట్టుకుని ఆ ప్యాకెట్టు విప్పి, ఒక్కొక్క రాగి గుండీ అరచేతిలో పెట్టుకుని చూశాడు. మందం గుడ్డ, మామూలు సూది విరిగిపోయింది. పద్దెనిమిదో నంబరు సూది తెప్పించాడు. నెల రోజుల్లో ముప్పై దాకా కుట్టాడు. అడిగేవాడు వాళ్లని కూడా, "బాటమ్ ఎంత పెట్టమంటావు?" అని. ఆయన చివరిసారి ఆనందంగా పని చెయ్యడం నేను చూసింది అప్పుడే. తర్వాత కుట్టినవే వచ్చాయి. ఇక ఎవరూ కొలత చెప్పడానికి రాలేదు.

ఆ రోజులే బంగారం, ఈ రోజులు మట్టి అని నేను అనను. అనలేను. ఇవాళ మా తమ్ముడి కూతురు ఏ పాట కావాలంటే ఆ పాట వింటుంది, పైన భక్తిపాటలు అడ్డం పెట్టుకోనక్కర్లేదు. తన చొక్కా తనే కొనుక్కుంటుంది, తమ్ముణ్ణి పంపక్కర్లేదు. బుట్ట చెయ్యి గీసిన ఆ అమ్మాయికి ఇవాళ అయితే ఏ అడ్డూ ఉండేది కాదు. అది తక్కువ విషయమా? మనం గుర్తు తెచ్చుకుని మురిసిపోయేటప్పుడు, ఆ మురిపెంలో సగం ఊరికి వాటా లేదని గుర్తుంచుకోవాలి.

కానీ 2020 సెప్టెంబర్‌లో బాలుగారు పోయిన రోజు ఏమైందో తెలుసా? నాకు పదిహేడు ఫోన్లు వచ్చాయి. అందరూ నాకు చీటీలు ఇచ్చినవాళ్లే. కొందరితో ముప్పై ఏళ్లుగా మాటల్లేవు. ఒకాయన భట్టిప్రోలు నుంచి, ఇప్పుడు అమెరికాలో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఫోన్లో ఏడుస్తున్నారు. "నేను ఏ పాటలు అడిగేవాణ్ణో మీకే తెలుసు" అన్నారు. నిజమే. ఆయన మొదటి చీటీలో పన్నెండూ బాలుగారివే. ఆయనకు ఏ పాట ఇష్టమో ఆయన ఇంట్లోవాళ్లకు తెలియదు, నాకు తెలుసు. ఎందుకంటే ఆయన నాకు చెప్పాల్సి వచ్చింది. ఇవాళ మనకు ఏ పాట ఇష్టమో ఫోనుకు తెలుసు. ఆ ఫోను మనకోసం ఏడవదు కదా.

మా తమ్ముడి కూతురు ప్యాంటు తిరిగి ఇచ్చేటప్పుడు ఆ అడుగు అంచు తిప్పి చూపించాను. లోపల జిప్పు ముక్క ఇంకా ఉంది. దాని పక్కన కుట్టులో వదిలిన గుడ్డ కూడా ఉంది, రెండంగుళాలు. మా నాన్న నాక్కూడా వదిలాడు! నేను ఎప్పుడూ విప్పమని అడగలేదు. "విప్పనా పెదనాన్నా?" అంది. విప్పు అన్నాను. ఇప్పుడది ఇరవై నాలుగు.

సరే, టైమ్ అయిపోయింది. ఈ బల్ల మీద బిస్కెట్ డబ్బా ఒకటి ఉంది, చూశారు కదా. ఆ తొమ్మిదేళ్ల చీటీలు ఇందులో ఉన్నాయి. అన్నీ కాదు, మిగిలినవి. కాగితం పెళుసుగా ఉంది, అంచులు పట్టుకుని మెల్లిగా తియ్యండి. పేర్లు ఎవరూ రాయలేదు, కానీ మీ దస్తూరీ మీరు గుర్తుపడతారు. ఎవరిది వాళ్లు తీసుకెళ్లండి. ఒక్కటే అడుగుతున్నాను. తీసుకెళ్లేముందు, అందులో మొదటి పాట ఎందుకు రాశారో ఈ మైకులో ఒక్క ముక్క చెప్పి తీసుకెళ్లండి.

అక్కయ్యగారూ, మీరు లేచారు. రండి, ముందు మీరే. బాబూ, ఆ మైకు కాస్త కిందికి దించు.